పన్నెండు కిలోమీటర్ల ఏరు

మా మామ భోజన్న ఉప్పు ముట్టుకోవడం మానేశాడని నాకు మొదట చెప్పింది మా ఆవిడ మాలతి. ఫోన్లో చెప్పింది. "కూరల ఉప్పు తక్కువైతె సప్పగనే తింటుండు గని, గిన్నెలకెళ్ళి ఇంత తీసి ఏసుకుంటలేడు. మా నాయినకు ఇదేం జబ్బో," అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అడుగుతుందని నవ్వాను. అప్పుడు నేను షార్జా దగ్గరి సజ్జాలో, మా చేపల కంపెనీ క్యాంపులో, పై మంచం మీద కూర్చుని ఉన్నాను. ఫోను పెట్టేశాక చాలాసేపు కిందికి దిగలేదు.

ఆ మనిషికి ఆ జబ్బు అంటించింది నేనే. 2023లో, ఆ ఎడారి ఎండాకాలంలో అంటించాను. ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని తిరిగాను కాబట్టి ఇప్పుడు వరసగా చెబుతాను.

ముందు మామ చేతి సంగతి. మేము గొల్లవాళ్ళం. మా జగిత్యాల వైపు వానాకాలం మొదట్లో మందకు ఉప్పు పెడతారు. చదునైన బండ మీద దొడ్డుప్పు పరిచి మేకల్ని వదిలితే అవి నాలుకలతో బండను తోమేస్తాయి. ఆ మొదటి గుప్పెడు ఎవరు చల్లాలన్నది మావాళ్ళకు చిన్న విషయం కాదు. భోజన్న హస్తవాసి మంచిదని చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళవాళ్ళు వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. ఆయన ఉతికిన తలపాగా చుట్టుకుని, పెళ్ళికొడుకు తండ్రి అంత గంభీరంగా నడిచి వెళ్ళి, ఒక్క గుప్పెడు చల్లి వచ్చేవాడు. ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. కొత్త చోట నీళ్ళు కనబడితే ముందు దోసిట్లోకి తీసుకుని నాలుక మీద వేసుకుని చూసేవాడు. ఆ తర్వాతే మందను వదిలేవాడు.

అత్త పోయాక ఆయన ఇంట్లో కూర్చుని గోడలతో మాట్లాడుతున్నాడని మాలతి గోల పెడితే, నేనే వీసా చూశాను. మా కంపెనీకి మూడు కిలోమీటర్ల దూరంలో, ఇసుక దిబ్బల అవతల ఒక మజ్రా ఉంది. నాలుగు ఖర్జూరం చెట్లు, ఒక బోరు, ఒక రేకుల కొట్టం, నూటఇరవై మేకలు. దాని కఫీల్‌కు అంటే వీసా ఇచ్చే ఆసామికి నమ్మకమైన మనిషి కావాలి. దుబాయ్ పోయి కూడా మేకలేనా అని ఊళ్ళో నవ్వితే, "మేకకు ఏ దేశమైతె ఏంది, నాకైతె ఏంది," అనేసి విమానం ఎక్కాడు మామ. ఏడాదిన్నరలో ఒక్క పిల్లను కూడా పోగొట్టుకోలేదు. కఫీల్ వచ్చినప్పుడల్లా ఆయన భుజం తట్టి, ఈయనలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారా మీ ఊళ్ళో అని నన్ను అడిగేవాడు. అల్లుడిగా నా మీసం కాస్త పైకే ఉండేది.

ఇక నా పని. నార్వే నుంచి విమానంలో, మంచు నింపిన తెల్లని డబ్బాల్లో సాల్మన్ చేప వచ్చేది. దాన్ని కోసి, ముళ్ళు పీకి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, చెక్కపొగ పట్టించి, పలచగా తరిగి హోటళ్ళకు పంపేవాళ్ళం. ఆ ఉప్పునీళ్ళ గది నాది. వాడేసిన ఉప్పునీళ్ళూ, సాయంత్రం క్రిములు చచ్చే మందు కలిపి యంత్రాలు కడిగిన నీళ్ళూ భూమి లోపలి ట్యాంకులోకి పోయేవి. రెండు మూడు రోజులకోసారి టాంకర్ వచ్చి తోడుకుపోయేది.

ఆ మే నెలలో పొగపెట్టే కొత్త యంత్రం బిగించడానికి నార్వే నుంచి ఓడ్‌వార్ అనే పెద్దాయన వచ్చాడు. అరవై దాటినవాడు. వచ్చిన మూడో రోజుకే ఎండకు ముక్కు తోలు ఊడింది. మిగతా ఇంజనీర్ల లాగా ఏసీ గదిలో కూర్చునే రకం కాదు. టీ సమయానికి నా పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చుని, మా ఇద్దరికీ వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో ముచ్చట పెట్టేవాడు. ఒకరోజు ఫోన్లో ఒక ఏటి ఫొటో చూపించాడు. దాని పేరు చెప్పాడు గానీ నా నోరు తిరగలేదు.

"మా ఇంటి ముందు ఏరు," అన్నాడు.

"ఎంత పొడుగు?"

"పన్నెండు కిలోమీటర్లు."

గోదావరి పక్కన పుట్టినవాణ్ణి. ఎక్కడో ఒక సున్నా మరిచిపోయాడేమో అనుకున్నాను. మళ్ళీ అడిగాను. పన్నెండే అన్నాడు. పైన కొండల్లో చెరువు. అక్కడి నుంచి దూకే చోట కరెంటు తీసే ఇల్లు. దాని కింద దుంగల్ని గుజ్జు చేసి కాగితానికి పంపే మిల్లు. మిల్లు కింద చేపలు ఆగే మడుగులు. ఆ తర్వాత సముద్రం. పొద్దున గంజి తాగి బయలుదేరితే మధ్యాహ్నం అన్నానికి సముద్రం దగ్గరుండొచ్చు. అంత చిన్న ఏటి మీద పడి ఊరంతా బతికింది. ఆయన తాత ఏరు సముద్రంలో కలిసే చోట వల వేసేవాడు. తండ్రి మిల్లులో పని చేశాడు.

"ఈ చేప ఏట్లో పుడుతుంది," అన్నాడు ఓడ్‌వార్, నా ముందున్న ఎర్రని ముక్క చూపిస్తూ. "సముద్రంలోకి పోతుంది. రెండు మూడేళ్ళు తిరుగుతుంది. గుడ్లు పెట్టడానికి మళ్ళీ పుట్టిన ఏటికే వస్తుంది. నీళ్ళ వాసన, నీళ్ళ రుచి, అవే దానికి దారి."

ఆ శుక్రవారం మామ దగ్గరికి పోయినప్పుడు ఇదంతా చెప్పాను. శుక్రవారం నాకు సెలవు. రోలా బజారులో ఆయనకు కావలసిన బీడీలో, చింతపండో కొనుక్కుని పోయేవాణ్ణి. ఆయన రేకుల కొట్టం నీడలో టమాటలు ఉడికించి, ఖుబ్జు రొట్టె తుంపి పెట్టేవాడు.

"పన్నెండు కిలోమీటర్లా?" అన్నాడు మామ. "నా మంద దినాం గంత దూరం పోయొస్తుండె. దాన్ని ఏరంటరా?"

"వాళ్ళకు అదే ఏరు మామా."

"కరెంటు గూడ అండ్లనే తీస్తరు, మిల్లు గూడ అండ్లనే, చేపలు గూడ అండ్లనే. పాపం, దానికి ఊపిరి తిరుగుతదా." కాసేపు బీడీ పీల్చి అన్నాడు, "చేప మాత్రం నా అసొంటిదే. నీళ్ళు నాలుక మీద ఏసుకుంటెనే ఎరుకైతది, మనయా కాదా అని."

జూన్ చివర్లో టాంకర్ రావడం ఆగిపోయింది. ఎందుకు ఆగిందో మాలాంటివాళ్ళకు ఎవరూ చెప్పరు. పదో రోజుకు ట్యాంకు మూత దగ్గర నీళ్ళు బుడబుడలాడుతున్నాయి. మా సూపర్‌వైజర్ ఇలియాస్ భాయ్, హైదరాబాద్ వాడు, మూత ఎత్తి చూసి, దించి, నన్ను కంపెనీ వెనక గోడ దాకా తీసుకుపోయాడు. గోడ అవతల ఇసుకలో పెద్ద గుంట ఉంది.

"పైపు ఏస్కో మియా," అన్నాడు. "ఒంటిగంటకు వదులు, రెండింటికి బంద్ చెయ్. ఎండల కుక్క గూడ బయటికి రాదు."

ఎండ ముదిరే ఆ మూడు నెలలూ పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎవరూ ఎండలో పని చేయకూడదని సర్కారు రూలు. బయట పనులన్నీ ఆగిపోతాయి. దారి మీద మనిషి కనబడడు.

"అండ్ల కడిగిన మందు గూడ ఉంటది గదా భాయ్," అన్నాను.

"ఇసుక తాగేస్తది. రెండు దినాలల్ల టాంకర్ అస్తది, ఖలాస్. నీ గది నువ్వే నడిపించుకోవాలె. నిన్ను ఇంచార్జి చెయ్యమని మేనేజర్‌కు నేనే చెప్పిన, యాదుంచుకో."

నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. ఇంచార్జి అన్న ఆ ఒక్క మాటకే నా నోరు మూతబడింది. ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రోజూ ఒంటిగంటకు తలకు తువ్వాలు చుట్టుకుని గోడ దగ్గరికి పోయేవాణ్ణి. వాల్వు ఎండకు కాలిపోతుండేది, గుడ్డ పెట్టి తిప్పాల్సి వచ్చేది. తెల్లని నురుగుతో నీళ్ళు గుంటలోకి దిగేవి. రెండు రోజులన్నది మూడు వారాలైంది. ఇసుక అన్ని నీళ్ళు తాగలేదు. నడుమ ఒక మడుగు నిలిచింది, దాని చుట్టూ ఉప్పు తెల్లగా పేరుకుంది.

ఉప్పు వాసనకు మేక ఎంత దూరమైనా వస్తుంది. గొల్ల ఇంట్లో పుట్టినవాడికి ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. మామ మంద సాయంత్రం పూట ఈ దిబ్బల మీదే తిరుగుతుందనీ నాకు తెలుసు. ఇంత దూరం ఎందుకు వస్తాయిలే అనుకున్నాను. అనుకోవడం సులువు కాబట్టి అనుకున్నాను.

జూలై చివరి శుక్రవారం నేను మజ్రాకు పోయేసరికి మామ ముఖం వెలిగిపోతోంది. రొట్టె చేతిలో పెట్టకముందే మొదలుపెట్టాడు.

"అల్లుడా, మీ కంపెనీ ఎనక గుంటల ఉప్పు తేలింది సూశినవా? బండ మీద పరిశినట్టె ఉన్నది. నడుమ నీళ్ళు గూడ ఉన్నయ్. నిన్నటి సంది మేకలు అటే గుంజుతున్నయ్. నేనే ఆపి పెట్టిన, నిన్ను అడిగినంక ఇడుద్దామని. ఉప్పేనా అది?"

నేను రొట్టె అందుకుని తుంపాను. అప్పుడు ఒక్క మాట, "అటు పోనియ్యకు మామా" అంటే సరిపోయేది. ఎందుకని అడిగేవాడు. చెప్పాల్సి వచ్చేది. మామ కడుపులో మాట దాగదు, కఫీల్‌తో అంటాడు, కఫీల్ ఎవరితోనో అంటాడు, చివరికి అది ఇలియాస్ దగ్గరికి వస్తుంది. ఈ దారంతా నా బుర్రలో ఒక్క క్షణంలో తిరిగొచ్చింది.

"ఉప్పే మామా," అన్నాను. "చేపలకు పెట్టేది. ఏం గాదు."

"నాలుక మీద ఏసుకున్న. జెర చేదున్నది."

"ఇది సముద్రం ఉప్పు. గట్లనే ఉంటది."

"గంతేనా," అన్నాడు. "నేను ఇక్కడికి అచ్చిన కాడికెళ్ళి సూస్తున్న, మంద ముందల ఇంత దొడ్డుప్పు పెట్టలేకపోతి గదా అని. పుణ్యానికి దొరికె," అంటూ నా రొట్టె మీద ఇంకో గరిటె టమాట కూర వేశాడు.

ఆ ఖుబ్జు నేను మొత్తం తిన్నాను. అదే నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది.

మంగళవారం పొద్దున ఆరింటికి ఫోన్ చేశాడు. "అల్లుడా, మేకలు పడిపోతున్నయ్. జెర రా బిడ్డా," అన్నాడు. నేను అటు పోకముందు ఇంకో పని చేశాను. ఇలియాస్‌కు ఫోన్ చేశాను. నేను చెప్పులు వేసుకుని గేటు దాటేసరికే గోడ వెనక లోడర్ బండి చప్పుడు వినిపిస్తోంది. మడుగు మీద ఇసుక పోస్తున్నారు.

మజ్రాలో తొమ్మిది మేకలు చచ్చి ఉన్నాయి. ఇంకో అయిదారు గోడకు తలలు ఆనించి నిలబడ్డాయి. కళ్ళు తెరిచే ఉన్నా చూపు లేదు. నీళ్ళ తొట్టి పక్కనే ఉన్నా దాన్ని వెతుక్కుంటూ తిరిగి పడిపోతున్నాయి. మామ ఒక ఎర్రమేక తల ఒళ్ళో పెట్టుకుని, గుడ్డ తడిపి దాని నోట్లో పిండుతున్నాడు. ఆయన ఏడవడం లేదు. దాన్ని పేరు పెట్టి పిలుస్తున్నాడు.

కఫీల్ అప్పటికే వచ్చి ఉన్నాడు. చెడ్డవాడు కాదు. అరవలేదు. తెల్లని కందూరా అంగీ అంచు దుమ్ములో ఈడ్చుకుంటూ ఒక్కొక్క మేక దగ్గర వంగి చూశాడు. ఆయనకు హిందీ వచ్చు. మామకు హిందీ రాదని, ఎప్పుడూ వాళ్ళిద్దరి నడుమ మాటలు నేనే అటూ ఇటూ చేర్చేవాణ్ణి. ఆ పొద్దున కూడా నా వైపే చూశాడు.

"అడుగు. ఏం తిన్నాయి, ఏం తాగాయి?"

అడిగాను. మామ తలెత్తకుండానే చెప్పాడు. "చేపల కంపెనీ ఎనక మడుగు కాడ ఉప్పు నాకినయ్, ఆ నీళ్ళు తాగినయ్. నాలుగు దినాలాయె. ఆ నీళ్ళు ఏందో ఆ కంపెనోళ్ళను అడుగుమను. గట్లనే చెప్పు బిడ్డా."

నేను కఫీల్ వైపు తిరిగాను.

"ఉస్కో నహీ మాలూమ్ బోల్ రహా హై," అన్నాను.

తనకు తెలియదంటున్నాడని చెప్పాను. కఫీల్ నమ్మలేనట్టు, "నహీ మాలూమ్?" అని మళ్ళీ అడిగాడు. నేను తల ఊపాను. మామ అప్పుడు తలెత్తి నా ముఖం చూశాడు. ఎంతసేపో చూడలేదు. మళ్ళీ మేక నోట్లో నీళ్ళు పిండడం మొదలుపెట్టాడు.

"మంద మొత్తం చేతిలో పెట్టాను. ఏం తాగాయో తెలియదంటాడా," అన్నాడు కఫీల్. కోపం కన్నా ఆ గొంతులో వేరే ఏదో ఉంది. ఇన్నాళ్ళూ ఆ భుజం తట్టినందుకు తనమీద తనకే చిరాకు పుట్టినట్టుంది. "ఖలాస్. ఇంటికి పంపిస్తాను."

మామను నాలుగు రోజుల్లో పంపించేశాడు. నేను షార్జా విమానాశ్రయం దాకా వెళ్ళాను. ఆయన దగ్గర ఒక చేతిసంచీ తప్ప ఏమీ లేదు. లోపలికి పోయే ముందు నా వైపు తిరిగి, "ఆ మడుగు పూడ్శిండ్రా?" అని అడిగాడు.

"పూడ్శిండ్రు మామా."

"మంచిది. కడమయన్న బతుకుతయ్," అన్నాడు. "పైలం."

ఆ వారంలోనే టాంకర్ మళ్ళీ వచ్చింది. పైపు పీకేశాం. సెప్టెంబర్‌లో నన్ను ఇంచార్జిని చేశారు. మాలతి ఊళ్ళో స్వీట్లు పంచింది.

ఓడ్‌వార్ వెళ్ళిపోయే ముందు రోజు టీ తాగుతూ గోడ వైపు చూసి, "అక్కడొక పైపు ఉండేది కదా," అన్నాడు.

"తీసేశాం."

తన ఏటి కథలో అప్పటిదాకా చెప్పని ముక్క చెప్పాడు. గుజ్జు తీయగా మిగిలిన పాడునీళ్ళను మిల్లువాళ్ళు ఏట్లోకి వదిలేవాళ్ళట. ఎవరూ చూడకుండా ఆదివారం, ఊరంతా చర్చిలో ఉన్న సమయంలో వదిలేవాళ్ళట. వాల్వు తిప్పే పని ఓడ్‌వార్ తండ్రిది. ఒక ఏడాది చేపలు తగ్గాయి. మరుసటి ఏడాది ఇంకా తగ్గాయి. ఏటికి నీళ్ళ రుచి మారిపోయింది, చేపకు దారి తెలియలేదు. ఓడ్‌వార్ తాత ఖాళీ వల భుజాన వేసుకుని ఇంటికి వచ్చి, చేప మనమీద అలిగిందని అనేవాడట. వాల్వు తిప్పిన ఆ కొడుకు ఎదురుగా కూర్చుని గంజి తాగుతూ ఊరుకునేవాడట.

"మిల్లు మూతబడింది. నీళ్ళు బాగుపడ్డాయి. నలభై ఏళ్ళకు చేప మళ్ళీ వచ్చింది," అన్నాడు. "ఊరంతా చూడటానికి పోయింది. మా నాన్న మాత్రం రాలేదు. కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. చనిపోయే ముందు నాకు చెప్పాడు, ఆ వాల్వు సంగతి."

"నీకు కోపం వచ్చిందా?"

"చేసినందుకు రాలేదు. పని అది, ఇంట్లో పిల్లలం ఉన్నాం. మా తాత బతికుండగా చెప్పనందుకు వచ్చింది."

కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. నా సంగతి ఆయనకు తెలిసి అన్నాడో తెలియక అన్నాడో నేను ఇప్పటికీ చెప్పలేను. ఫోన్ తీసి మామకు చేశాను. మాలతి ఎత్తింది. ఎప్పుడొస్తావని అడిగింది. వచ్చే వానాకాలానికి అని చెప్పి పెట్టేశాను. ఆ తర్వాత తొమ్మిది నెలలు మామకు చెప్పాల్సిన ఆ మాట రేపు, ఎల్లుండి అంటూనే గడిపాను.

మరుసటి జూన్‌లో సెలవు మీద ఊరికి పోయాను. మామ మా ఇంట్లోనే ఉంటున్నాడు. అరుగు మీద కూర్చుని తాళ్ళు పేనుతున్నాడు. దొడ్డిలో ఒక్క మేక కూడా లేదు. నన్ను చూసి లేచి, చేతిలో సంచీ అందుకుని, బాగున్నావా అని అడిగాడు. ఎప్పటిలాగే అడిగాడు.

నాలుగో రోజు పొద్దున పక్క ఊరి నుంచి ముగ్గురు గొల్లలు వచ్చారు. ఒకతని భుజాన ఉప్పు మూట ఉంది. ఉప్పు బండకు రమ్మని మామను పిలవడానికి వచ్చారు. మామ తాడు పేనడం ఆపలేదు.

"ఇంకెవ్వలనన్న తోలుకపోండ్రి. నా చెయ్యి మంచిదిగాదు."

"గదేం మాట భోజన్నా. దుబాయ్ పోకముందు నువ్వు పెట్టని ఏడే లేదాయె."

"తొమ్మిది మేకల పానం తీశిన చెయ్యి ఇది. పోండ్రి."

మూట మోస్తున్నతను నా వైపు తిరిగాడు. "దుబాయ్‌ల ఏమైందో ఏమో, నువ్వు ఆన్నే ఉంటివి గదా. నువ్వన్న జెర చెప్పు మీ మామకు."

నేను తల వంచుకుని వక్క పేడు కోసం జేబులు వెతికాను. నా జేబులో వక్క ఎప్పుడూ ఉండదు. వాళ్ళు కాసేపు నిలబడి, మూట ఎత్తుకుని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం మాలతి నాట్ల కూలీలను మాట్లాడటానికి పోయింది. మామా నేనూ అన్నానికి కూర్చున్నాం. ఆకుకూర పప్పు. ఉప్పు చాలలేదు. ఉప్పు గిన్నె మా ఇద్దరి నడుమే ఉంది. మామ సప్పటి ముద్దలే ఒక్కొక్కటి మింగుతున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఏటితో మొదలుపెట్టాను.

"మామా, ఆ పన్నెండు కిలోమీటర్ల ఏరు యాదికున్నదా?"

"ఎందుకు లేదు."

మిల్లు సంగతి, ఆదివారం సంగతి, వాల్వు తిప్పిన తండ్రి సంగతి చెప్పాను. చేపలు పోయి మళ్ళీ వచ్చిన సంగతి చెప్పాను. మామ వింటూ తింటున్నాడు. కథ అయిపోయింది. ఇక దాక్కోవడానికి ఏమీ మిగల్లేదు.

"ఆ మడుగు మాదే మామా. ఒట్టి ఉప్పు గాదు, కడిగిన మందు గూడ ఉండె. వాల్వు నేనే తిప్పిన. నువ్వు అడిగితె ఉప్పే అని చెప్పిన. కఫీల్‌కు గూడ నువ్వన్న మాట చెప్పలే."

"ఎరుకే," అన్నాడు మామ.

"ఎట్ల ఎరుక?"

"ఏడాదిన్నర ఆ దేశంల ఉన్న. మాట్లాడరాదు గని, నహీ మాలూమ్ అంటె ఏందో ఎరుకలేదా బిడ్డా."

ఆ రోజు ఆయన తలెత్తి చూసిన చూపు ఏమిటో ఇన్నాళ్ళకు తెలిసింది. ఆయన ముందే నేను ఆయన నోట్లో అబద్ధం పెట్టాను. అది విని, అర్థమై, మేక నోట్లో నీళ్ళు పిండుకుంటూ కూర్చున్నాడు.

"మరి అప్పుడే ఎందుకు అనకపోతివి? నేను అబద్ధం చెప్తున్ననని?"

"అంటె లేస్తయా మేకలు? నీ నౌకరి పోతుండె. నా బిడ్డ బజార్ల పడుతుండె."

"నేను చేసిన దానికి నీ చెయ్యి మంచిదిగాదని ఎందుకంటున్నవ్ మామా?"

మామ కాసేపు తన కుడిచేతిని చూసుకున్నాడు. అన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి.

"మందను ఇడిశిన చెయ్యి నాదే గదా," అన్నాడు. "నాలుక చెప్పింది, చేదున్నదని. నలభై ఏండ్ల సంది దాని మాటనే ఇన్న. ఆ ఒక్కనాడు నీ మాట ఇన్న."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. కంచం విసిరేసినా బాగుండేది. నేను ఆయన ముఖం చూడలేక పప్పు గిన్నె వైపు చూస్తూ కూర్చున్నాను. చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా సిగ్గేసింది.

"చేపలు ఎన్నేండ్లకు మళ్ళినయన్నవ్?" అని అడిగాడు.

"నలభై."

"నాకు ఇప్పటికే యాభై ఏడు," అన్నాడు మామ.

ఆయన కంచంలో సప్పటి అన్నం ఇంకా సగం ఉంది. నేను ఉప్పు గిన్నె దగ్గరికి జరుపుకున్నాను. వెయ్యనా అని నోటితో అడగలేక, చిటికెడు తీసి అలాగే పట్టుకున్నాను.

"ఉప్పేనా?" అన్నాడు.

"ఉప్పే మామా."

కంచం ఇంత ముందుకు జరిపాడు. వేశాను. సగం అంచు మీద పడింది. మామ ఆ అంచు మీది ఉప్పును వేలితో అద్దుకుని, ముందు నాలుక మీద పెట్టుకుని చూశాడు. అప్పుడు కలుపుకున్నాడు.